కప్ప ఎన్నో రోజుకి కొండెక్కింది?

ఉపమాక కొండ మెట్ల దగ్గర ఒక కప్ప. దానికి స్వామి దర్శనం కావాలి. పగలంతా ఎగిరెగిరి మూడు మెట్లెక్కుతుంది. రాత్రి మంచుకి కాలు జారి రెండు మెట్లు కిందకొచ్చేస్తుంది. పదో మెట్టు మీదే గుడి ఉందనుకుందాం. కప్ప ఎన్నో రోజుకి గుడి చేరుతుంది?

రెండో తరగతి, మూడో తరగతి పిల్లల్ని అడిగి చూడండి. ‘మూడెక్కి రెండు దిగితే రోజుకొక మెట్టు, పది మెట్లకి పది రోజులు’ అని గబుక్కున చెప్పేస్తారు. తీసివేత సరిగ్గానే చేశారు. అప్పుడు పొడుపు వేసిన మామ్మ తాపీగా అడగాలి: ‘‘ఏటిరా, గుడి కాడికెళ్లిపోయాక కూడా జారిపోద్దేటి? దర్సనం అయిపోయింది కదా!’’ పిల్లలు పకపకా నవ్వుతారు. నవ్వుతూనే వేళ్లు ముడిచి మళ్లీ లెక్క మొదలెడతారు. ఏడో రాత్రికి కప్ప ఏడో మెట్టు మీద ఉంటుంది. ఎనిమిదో పగలు మూడెక్కితే పదోది. ఇంక జారే పని లేదు.

నవ్వు ఎక్కడ వచ్చిందో గమనించారా? లెక్క తప్పిన చోటే వచ్చింది. తప్పు ఎక్కడుందో నవ్వే చూపించింది. లెక్కల పుస్తకాల్లో పేజీ మూల ఒక నవ్వే ఏనుగు బొమ్మ వేసి, పక్కన మామూలు కూడికలు పెట్టి ‘ఆటపాటల గణితం’ అంటుంటారు. ఆ ఏనుగుని చెరిపేసినా కూడికకి వచ్చే నష్టం ఏమీ లేదు. కప్ప లెక్కలోంచి నవ్వు తీసేస్తే మాత్రం లెక్కే మిగలదు. హాస్యాన్ని వివరిస్తే గణితం కూడా అక్కడికక్కడే వివరించినట్టయిపోవాలి. మంచి లెక్కల పొడుపుకి నేను పెట్టుకున్న పరీక్ష ఇదొక్కటే.

ఉపమాకని ఎంచుకోవడానికి పెద్ద కారణం అక్కర్లేదు. అనకాపల్లి జిల్లా నక్కపల్లి మండలంలోని ఈ ఊరికి గరుడాద్రి కొండ ఉంది, కొండమీద గుర్రమెక్కిన వెంకన్న ఉన్నాడు, ఫాల్గుణ శుద్ధ ఏకాదశినాటి కల్యాణం ఉంది, ఆ కల్యాణానికి వచ్చే జనం ఉన్నారు. చుట్టుపక్కల చెరుకు, కొబ్బరి, పశువులు. పొడుపు కథకి ముడిసరుకు ఇంతకంటే ఏం కావాలి? పిల్లవాడు రోజూ తొక్కే మెట్టు లెక్కలోకి వస్తే ఆ లెక్క వాడిది అవుతుంది. పుస్తకంలో ‘ఒక గోడపై నత్త’ అని ఉంటే ఆ నత్త ఎవరిదో వాడికేం పట్టింది?

అనకాపల్లి అంటే బెల్లం కాబట్టి చెరుకుతో ఒకటి. గడ పొడుగ్గా ఉంది. ఐదుగురు పిల్లలకి ఐదు ముక్కలు కావాలి. కత్తితో ఎన్ని వేట్లు వెయ్యాలి? ఐదంటారు. అయితే ఐదు వేట్లూ వేయించాలి. ఐదో వేటుకి ఆరో ముక్క ఊడిపడుతుంది. ‘‘ఇదెవరిదిరా?’’ అంటే నాది నాదని గోల. నాలుగు వేట్లకే ఐదు ముక్కలు వస్తాయని వాళ్లే తేల్చుకుంటారు. ముక్కలకీ వేట్లకీ మధ్య ఉన్న ఆ ‘ఒకటి తేడా’ పెద్దయ్యాక కూడా చాలామందిని ముంచుతుంది. కంచె గుంజలు నాటేవాళ్లనీ, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా ఎన్ని రోజులని లెక్కకట్టేవాళ్లనీ అడగండి. చిన్నప్పుడు ఆరో ముక్క తిన్నవాడికి అది గుర్తుంటుంది.

వరస కూడా ముఖ్యం. చెట్టుమీద పది పిట్టలు, ఒకదాన్ని రాయితో కొడితే ఎన్ని మిగులుతాయి అన్న పాత పొడుపు అందరికీ తెలుసు. మిగిలినవన్నీ ఎగిరిపోతాయి కాబట్టి ఒక్కటీ ఉండదు. ఐదేళ్ల పిల్లకి ముందే దీన్ని వెయ్యడం నాకు నచ్చదు. పదిలోంచి ఒకటి తీస్తే తొమ్మిదన్న నమ్మకం ఇంకా కుదరని పిల్లకి, తొమ్మిదని చెప్పినందుకు చుట్టూ నవ్వు వినిపిస్తే, లెక్కంటే మోసం అనుకుంటుంది. ముందు పది చింతపిక్కలు పరిచి ఒకటి తీయించాలి. రాళ్లు, గవ్వలు, తాటిబుర్రలు, అన్నిటితోనూ తొమ్మిదే మిగలాలి. ఆ తరవాత పిట్టలు రావాలి. అప్పుడా పిల్లకి తెలిసేది ఇంకో పెద్ద సంగతి: అంకెలు కనబడగానే తీసేయకూడదు, చింతపిక్కలు ఎగరవు, పిట్టలు ఎగురుతాయి. ఏ సందర్భానికి ఏ లెక్క అన్న ఈ తెలివి లేకే పదో తరగతి పిల్లలు కూడా ప్రశ్న పూర్తిగా చదవకుండా ఉన్న అంకెలన్నీ కలిపేస్తుంటారు.

ఇంకాస్త ఎదిగిన పిల్లలకి కాళ్ల లెక్క. దొడ్లో మేకలూ కోళ్లూ ఉన్నాయి. తలలు మూడు, కాళ్లు పది. ఏవెన్ని? మూడూ కోళ్లే అనుకుంటే ఆరు కాళ్లు. నాలుగు తక్కువ. ఒక కోడి స్థానంలో మేకని పెడితే రెండు కాళ్లు పెరుగుతాయి. రెండు మార్పులకి పది నిండింది. రెండు మేకలు, ఒక కోడి. పెద్ద తరగతుల్లో రెండు సమీకరణాలు రాసి సాధించేది ఇదే. ఇక్కడ పిల్ల ‘అన్నీ కోళ్లే అనుకుందాం’ అని ధైర్యంగా ఒక అబద్ధంతో మొదలుపెట్టి, దాన్ని సర్దుకుంటూ నిజానికి చేరింది. లెక్క అక్కడితో ఆపకూడదు. ఇప్పుడు మామ్మ పాలు పితకడానికి ముక్కాలి పీట వేసుకు కూచుంది. దొడ్లో కాళ్లెన్ని? పన్నెండని చెప్పినవాడికి పీట గుర్తుచేయాలి. పదిహేను. తలలెన్ని? నాలుగే, పీటకి తల లేదు కదా. ఈసారి పిల్లలే ముందు నవ్వుతారు. ఏది లెక్కలోకి వస్తుంది, ఏది రాదు అన్న విచారణ అంతా ఆ పీట మీదే జరిగిపోయింది.

తామరపూల, తుమ్మెదల పొడుపు పలు రూపాల్లో మన ఊళ్లల్లో తిరుగుతోంది. పువ్వుకొక తుమ్మెద వాలితే ఒక తుమ్మెదకి పువ్వు దొరకదు. పువ్వుకి రెండేసి వాలితే ఒక పువ్వు ఖాళీ. తుమ్మెదలెన్ని, పూలెన్ని? పలకా బలపం అక్కర్లేదు. మొదటి మాటని బట్టి తుమ్మెదలు పూలకంటే ఒకటి ఎక్కువ. రెండూ ఒకటీ అనుకుంటే కుదరదు. మూడూ రెండూ అయితే రెండేసి వాలడమే కుదరదు, ఒంటరి తుమ్మెద మిగులుతుంది. నాలుగూ మూడూ అయితే సరిపోయింది. ఇలా వరసగా పెట్టి చూసుకోవడం చేతకాని పద్ధతేమీ కాదు. గణితంలో సగం పని అదే.

ఇదంతా అరుగుల మీద పుట్టి అరుగుల మీదే ఉండిపోయిన విద్య అనుకోనక్కర్లేదు. ఉపమాక నుంచి జాతీయ రహదారి పట్టుకుని తుని దాటి దక్షిణంగా పోతే పిఠాపురం వస్తుంది. ఆ ప్రాంతపు నవఖండవాడతో పేరు ముడిపడిన పావులూరి మల్లన, మహావీరాచార్యుడి సంస్కృత ‘గణితసార సంగ్రహా’న్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. 11వ శతాబ్దం వాడని పండితులు చెబుతారు. భారతం తెలుగులోకి వస్తున్న రోజుల్లోనే లెక్కలు కూడా తెలుగులోకి వచ్చాయన్నమాట. భారతానికి దక్కిన పేరులో పదో వంతైనా ఈ పుస్తకానికి దక్కలేదు. మల్లన ఉన్నదున్నట్టు దించలేదు. జైనుడైన మహావీరాచార్యుడి ఉదాహరణల స్థానంలో తన చుట్టూ ఉన్న శైవుల లోకాన్ని పెట్టాడు. ఊరి కొండ మెట్లని కప్ప లెక్కలోకి తెచ్చే మామ్మ చేసేదీ అదే పని.

మహావీరాచార్యుడు 9వ శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలం వాడు. ఆయన పుస్తకం ఎం. రంగాచార్య ఆంగ్లానువాదంతో మద్రాసులో 1912లో అచ్చయింది. అందులో రాజకుమారుడి వినోదం కోసం పక్షుల్ని కొనే లెక్క ఒకటుంది. పావురాలు 3 పణాలకి 5, సారసాలు 5 పణాలకి 7, హంసలు 7 పణాలకి 9, నెమళ్లు 9 పణాలకి 3. సరిగ్గా 100 పణాలకి 100 పక్షులు తేవాలి. పావురాలు 15, సారసాలు 28, హంసలు 45, నెమళ్లు 12 తెస్తే సరిపోతుంది. వేరే జవాబులూ ఉన్నాయి. అయితే నాలుగు రకాలూ ఉండాలి, గుంపులుగానే కొనాలి అంటే, మీరెలా తిప్పినా నెమళ్లు మాత్రం 12 గాని 15 గాని వస్తాయి. కాగితం పెన్సిలూ తీసుకుని ఒక సాయంత్రం కూచోండి, ఎందుకో తెలుస్తుంది. రాజుగారి అబ్బాయికి సరదా అని పెట్టిన ప్రశ్న లోపల ఇంత సరుకుంది. ఐరోపాలో 8వ శతాబ్దం చివర ఆల్క్విన్ పేరుతో వచ్చిన లెక్కల సంకలనం కూడా కుర్రవాళ్ల బుద్ధికి పదును పెట్టడానికే ఉద్దేశించింది. అందులో తోడేలు, మేక, కాబేజీల్ని ఏరు దాటించే చిక్కు ఉంది. మన దగ్గర తోడేలు పులి అయింది, కాబేజీ గడ్డిమోపు అయింది. పాయకరావుపేట పిల్లలకి చెప్పేటప్పుడు ఆ ఏరుని తాండవ నది చేసేయొచ్చు.

పుస్తకాలకెక్కినా ఈ విద్య చెవి ద్వారా నడిచేది. కడప జిల్లాలో 1907లో పుట్టిన లక్కోజు సంజీవరాయ శర్మకి పుట్టుకతోనే చూపు లేదు. ఇంట్లో అక్క పాఠాలు పైకి చదువుతుంటే విని లెక్కలు పట్టుకున్నాడు, పెద్దయ్యాక గణితావధానాలు చేశాడు. ఆయన ప్రతిభ వేరు, అందరికీ రాదు. కానీ రాత రాకముందే లెక్క రాగలదన్న సంగతికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం ఎక్కడుంది? ఒకటో తరగతిలో పిల్ల ఇంకా 3ని తిరగేసి రాస్తుంటుంది. తుమ్మెదల లెక్క మాత్రం నోటితో విప్పేస్తుంది. రాతలో వెనకబడింది కదా అని లెక్కలో వెనకబడిందని మార్కులు వేస్తే ఎలా?

పొడిచేవాళ్లకి కూడా ఓ పద్ధతుంది. అడిగాక ఊరుకోవాలి. పెద్దవాళ్లకి ఇది మహా కష్టం. పిల్ల రెండు క్షణాలు ఆలోచించగానే జవాబు చెప్పేయాలని నోరు దురద పెడుతుంది. ఒక అన్నం ముద్ద నమిలేంత సేపైనా ఆగండి. జవాబు సరైనా ‘‘ఎలా వచ్చింది?’’ అని అడగాలి, తప్పైనా అదే గొంతుతో అడగాలి. సరైన జవాబుకి ‘శభాష్’, తప్పు జవాబుకి ‘ఎలా?’ అంటే, ఎలా అని అడగడమే తప్పయినట్టు పిల్లలు పసిగట్టేస్తారు. పుస్తకాల్లో పొడుపు కిందే తలకిందులుగా జవాబు అచ్చేయడం మానేస్తే మంచిది. ఏ పిల్లకైనా పుస్తకం తిప్పడం కంటే సులువైన సాధన ఉండదు. పాత పొడుపుల్లో కొన్ని మనిషి రంగునో, కులాన్నో, కోడలి తిండినో వెక్కిరించి నవ్విస్తాయి. వాటిని నిక్షేపంగా వదిలేయొచ్చు, లెక్కకి వచ్చిన లోటేమీ ఉండదు.

ఎక్కాలు మాత్రం కంఠతా రావాల్సిందే. పొడుపులు వాటి పని చెయ్యవు. ఏడెనిమిదులు యాభయ్యారు అని నోటికి రాకపోతే పక్షుల లెక్కలో సగం దారిలోనే పిల్ల అలిసిపోతుంది.

పిల్లలు తమంతట తాము పొడుపులు వెయ్యడం మొదలుపెట్టే రోజు ఈ ఆటలో అసలు రోజు. వాళ్ల పొడుపులు మొదట్లో కుదరవు. ‘‘తలలు మూడు, కాళ్లు తొమ్మిది, మేకలెన్ని, కోళ్లెన్ని?’’ అని ఒక గుంట వేసిందనుకోండి. తప్పని కొట్టిపారెయ్యకండి. తొమ్మిది ఎందుకు రాదో వెతకమనండి. ఎన్ని మేకల్ని తెచ్చినా, ఎన్ని కోళ్లని తెచ్చినా సరిసంఖ్యే వస్తుందని, బేసి ఎన్నటికీ రాదని కాసేపటికి పట్టుకుంటారు. వేసిన పిల్ల ఓడిపోవడానికి ఒప్పుకోకపోవచ్చు. రెండు మేకలూ ఒక కొంగా అంటుంది, కొంగ ఒంటికాలి మీద నిలబడింది అంటుంది. అప్పుడు మడిచిన కాలు లెక్కలోకి వస్తుందా రాదా అని కొట్లాట మొదలవుతుంది. అందులో పెద్దవాళ్లు తలదూర్చకూడదు.