ఐదు రూపాయల లెక్క

మా బడిలో ఒక అమ్మాయి తొమ్మిదో తరగతి మధ్యలో చదువు మానేసింది. తండ్రి లేడు. తల్లికి జబ్బు, షావుకారు దగ్గర అప్పు. పట్నంలో ఇంటిపని ఇప్పిస్తానని తెలిసినావిడ ఒకామె తీసుకెళ్లింది. ఏడాది తర్వాత ఆ పిల్ల తిరిగొచ్చి, మళ్లీ చదువుకుంటానంది. అప్పటికే ఊళ్లో ఏవేవో మాటలు పుట్టాయి. ఉపాధ్యాయుల గదిలో ఒకాయన, "చేర్చుకుంటే మిగతా పిల్లలు పాడైపోతారు" అన్నాడు. ఇంకొకామె, "ఇష్టం లేకుండానే వెళ్లిందంటారా?" అంది. నేను ఏమీ అనలేదు. ఆ అమ్మాయి వారం రోజులు బడి చుట్టూ తిరిగి, తర్వాత రావడం మానేసింది.

ఆ రోజు నా నోరు ఎందుకు పెగల్లేదని చాలాసార్లు ఆలోచించాను. నా తలలో కూడా అవే మాటలు ఉన్నాయి కాబట్టి. ఆ మాటలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలుసుకోవాలని, ఇలాంటి ఆడవాళ్ల గురించి మనం చదివినవీ చూసినవీ మళ్లీ తిరగేశాను.

తెలుగులో వేశ్య అనగానే మధురవాణి గుర్తొస్తుంది. గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' 1892లో మొదట ప్రదర్శించారు, 1897లో అచ్చయింది. ఆ నాటకంలో మగవాళ్లందరికంటే మధురవాణికే తెలివి ఎక్కువ, నీతి కూడా ఎక్కువే. గురజాడ ఇంకో గొప్ప పని చేశారు. చిన్నపిల్లను ముసలివాడికి వెలకట్టి ఇవ్వబోయిన తండ్రిని, వేశ్యను ఒకే నాటకంలో పెట్టారు. పిల్లను అమ్మబోయిన తండ్రి పెద్దమనిషి, మధురవాణి మాత్రం చెడ్డది. ఇది ఏం న్యాయమని చూసేవాళ్లకే తట్టేలా చేశారు. అయితే మధురవాణికి డబ్బు లెక్క బాగా తెలుసు గానీ, ఆకలి లెక్క ఆ నాటకంలో లేదు. రేపు పొయ్యి వెలగదేమోనన్న భయం ఆమెకు ఉండదు. ఆమెను చూసి మెచ్చుకుంటాం, ముచ్చటపడతాం. మన పక్కింటి మనిషి అనుకోం.

ఊరూరా ఎక్కువ ఆడింది కాళ్లకూరి నారాయణరావు 'చింతామణి'. అందులో మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు చింతామణి ఇంటికి వెళ్లి ఆస్తి పోగొట్టుకుంటారు. చివరికి ఆమె మారి భక్తురాలవుతుంది. మంచి ఉద్దేశంతోనే రాసిన నాటకం అది. కానీ నష్టాల లెక్కంతా మగవాళ్లదే. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటక ప్రదర్శనను నిషేధించినప్పుడు కూడా చర్చంతా సుబ్బిశెట్టి పాత్ర చుట్టూనే తిరిగింది. ఒక కులాన్ని కించపరిచారన్న బాధ అర్థం చేసుకోదగిందే. ఆ ఇంట్లో ఉన్న ఆడమనిషి సంగతి మాత్రం పెద్దగా మాటల్లోకి రాలేదు. మా ఉపాధ్యాయుల గదిలో వినబడిన "మిగతా పిల్లలు పాడైపోతారు" అన్న మాట ఈ నాటకం నేర్పినదే అనిపించింది. ఆమె చెరుపుతుంది, ఎదుటివాళ్లు చెడిపోతారు. ఆమెకు ఏమైందన్న ప్రశ్నకు అక్కడ చోటు లేదు.

ఈ రెండింటి తర్వాత కేరళకు చెందిన నళినీ జమీలా ఆత్మకథ చదివాను. 2005లో మలయాళంలో వచ్చింది. తర్వాత తెలుగులోనూ వచ్చింది. ఆమె మూడో తరగతితో చదువు మాని మట్టి పనికి వెళ్లిన మనిషి. ఇరవై నాలుగేళ్ల వయసులో భర్త చనిపోయాడు. ఇద్దరు చిన్నపిల్లలు. వాళ్లను చూసుకోవాలంటే రోజుకు ఐదు రూపాయలు ఇవ్వమంది అత్త. ఆమె రోజు కూలి అంతకంటే తక్కువ. కూలి మొత్తం ఇచ్చేసినా చాలదు, తన తిండి మాట తర్వాత. ఆ లోటు పూడ్చుకోవడానికి ఆమె ఈ దారిలోకి వచ్చింది. ఆమె దగ్గరికి వచ్చిన మొదటి మనిషి పోలీసు అధికారి. ఆ తర్వాత ఆమెను పట్టుకుని కొట్టిందీ పోలీసులే.

నాటకాల్లో నాకు దొరకనిది ఇక్కడ దొరికింది. అదే ఐదు రూపాయల లెక్క. ఈ లెక్క చేతిలో ఉంటే "ఇష్టంతో వెళ్లిందా, బలవంతంగా వెళ్లిందా?" అన్న ప్రశ్న చాలదని తెలుస్తుంది. ఇష్టానికీ బలవంతానికీ మధ్య మూడో మాట ఒకటి ఉంది. గత్యంతరం లేకపోవడం. ఎవరూ చెయ్యి పట్టి లాగకపోవచ్చు. మిగతా తలుపులన్నీ మూసేసి, ఒక్కటి తెరిచి ఉంచితే, ఆ తలుపులోంచి నడిచిన మనిషిని చూసి "తనే నడిచింది" అనడం అబద్ధం కాదు. అది నిజం కూడా కాదు.

ఆ పుస్తకంతో నాకు పూర్తిగా పొత్తు కుదరలేదు. నళినీ జమీలా జాలి అడగదు. పుస్తకం పేరులోనే 'తొళిలాళి' అనే మాట పెట్టుకుంది. మలయాళంలో ఆ మాటకు శ్రమజీవి అని అర్థం. మిగతా కూలీలు ఒళ్లు వంచి పని చేసినట్టే తనదీ పని అంటుంది. ఆమె ధైర్యానికి దండం పెడతాను. కానీ ఆ మాటను పట్టుకుని "చూశారా, వాళ్లకది ఇష్టమే" అనేవాళ్లు ఉన్నారు. వాళ్లు ఐదు రూపాయల పేజీ దాటేసి చదివినవాళ్లు. పనిని నేరంగా చూడొద్దనడం వేరు. పేదరాలికి అదే పని మిగలడాన్ని ఒప్పుకోవడం వేరు.

మనలాంటి రాసేవాళ్లకు అందులో ఇంకో పాఠం ఉంది. ఆ ఆత్మకథ మొదట వేరొకరి సాయంతో అచ్చయింది. అది తన మాటలా లేదని ఆమె మళ్లీ తనే రాయించుకుంది. మన గురించి ఇతరులు రాసినవి చదివి "ఇది మేము కాదు" అని ఎన్నిసార్లు అనుకున్నాం! ఆమె అక్కడితో ఆగలేదు.

ఇప్పుడు మన కొండల సంగతికి వద్దాం. మన ఆడవాళ్లకు సొంత తలుపులు కొన్ని ఉండేవి. చాలా తెగల్లో భర్త పోతే మారుమనువు తప్పు కాదు. పిల్లవాడి వాళ్లే ఓలి ఇచ్చుకునేవారు. అడ్డాకులు, చింతపండు, కరక్కాయలు సంతలో అమ్మితే ఆ డబ్బు ఆమె కొంగునే ఉండేది. అందులో లోపాలు లేవని కాదు. సంతలో తూకం మోసం ఉంది, ఇంట్లో సారా ఉంది. అయినా ఐదు రూపాయలు కావలసినప్పుడు అడవి ఉంది. పోలవరం ముంపులో ఊరు వదిలిన ఇంటికి భూమికి భూమి ఇచ్చినా, ఆ అడవిని ఎవరూ ఇవ్వలేరు. అడవి దూరమైతే ముందు ఖాళీ అయ్యేది ఆడదాని కొంగు. దాని వెనకే కట్నం వస్తుంది, అప్పు వస్తుంది, పట్నంలో పని ఇప్పిస్తాననే మనిషి వస్తుంది.

చట్టం ఏమంటుందో ఉపాధ్యాయులు తెలుసుకోవాలి. పద్దెనిమిదేళ్లు నిండని పిల్ల విషయంలో 'ఇష్టం' అనే మాటకు 2012 నాటి పోక్సో చట్టంలో విలువ లేదు. ఆమె బాధితురాలు, అంతే. పెద్దవాళ్ల విషయంలో 2022 మే నెలలో సుప్రీంకోర్టు, సెక్స్ వర్కర్లకు కూడా రాజ్యాంగం ఇచ్చిన గౌరవం ఉందని, పోలీసులు వాళ్లను హీనంగా చూడకూడదని చెప్పింది. మనుషులను అమ్మడం, కొనడం రాజ్యాంగం 23వ అధికరణం కింద నేరం. కోర్టుకు అర్థమైన సంగతి మా ఉపాధ్యాయుల గదికి అర్థం కాలేదు.

యువతీ యువకులకు ఒక మాట. మీరు కథ రాసినా పాట కట్టినా అలాంటి మనిషి వస్తే ఆమెను దేవతను చేయకండి, మాయలాడిని చేయకండి. ఆమె కూలి ఎంతో, అప్పు ఎంతో, పిల్లలెందరో రాయండి. చదివేవాళ్లు మిగతాది తామే లెక్క కట్టుకుంటారు.

తోటి ఉపాధ్యాయులకు ఇంకో మాట. హాజరు పట్టీలో ఒక పేరు ఎదురుగా వరుసగా ఖాళీలు కనబడితే, ఆ ఆదివారమే ఆ ఊరు వెళ్లండి. ఇంట్లో ఎంత కావాలో అడగండి. ఆ పిల్ల తిరిగొస్తే ఎక్కడికి వెళ్లావని అడక్కుండా బెంచీ చూపించండి. నేను ఆ పని చేయలేదు. ఆ పట్టీలో ఆమె పేరు ఇప్పటికీ నాకు కనబడుతూనే ఉంటుంది.