సర్టిఫికెట్ సరే, సంఘం ఏదీ?

“సార్, ఏఐ గవర్నెన్స్‌లోకి రావాలంటే ఏ సర్టిఫికెట్ చేయాలి?” ఈమధ్య నాకొచ్చే ఫోన్లలో ఎక్కువ ఇవే. అడగడంలో తప్పులేదు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల గోడల మీద ఒకప్పుడు మెయిన్‌ఫ్రేమ్, తర్వాత జావా, ఆ తర్వాత శాప్, నిన్నటిదాకా డేటా సైన్స్. ఇక దీని వంతు. ప్రైవసీ నిపుణుల అంతర్జాతీయ సంస్థ ఐఏపీపీ వాళ్ల ఏఐజీపీ పరీక్ష ఉంది. 2023 డిసెంబర్‌లో వచ్చిన ఐఎస్ఓ 42001 ప్రమాణానికి ఆడిటర్ కోర్సులున్నాయి. మంచివే, చదవండి. కానీ పాసై సీట్లో కూర్చున్నాక తెలిసే సంగతి ఇంకొకటుంది. ఏఐ దారి తప్పకుండా చూసే ఆ పని ఆఫీసు మొత్తానికి చేసేది చాలాచోట్ల మీరొక్కరే. ఇంజనీర్లకి మీరు అడ్డం. లీగల్ వాళ్లకి మీరు చెప్పేది అర్థం కాదు. సేల్స్ వాళ్లు క్లయింటుకి తేదీ ఎప్పుడో ఇచ్చేసి ఉంటారు.

నేను బ్యాంకు రిస్క్ విభాగం నుంచి ఇటు వచ్చినవాణ్ణి. అక్కడ చార్టర్డ్ అకౌంటెంట్ ఒకాయన “ఈ లెక్కల మీద నేను సంతకం పెట్టను” అంటే, ఆ మాట వెనక 1949 నాటి చట్టం ఉండేది, ఇన్‌స్టిట్యూట్ ఉండేది, అదే మాట అనగలిగిన తోటివాళ్లు వేలమంది ఉండేవాళ్లు. “ఈ మోడల్ ఇప్పుడే వదలొద్దు” అన్నవాళ్ల వెనక ఏముంది? తాము పంపిన ఈమెయిల్ ఒకటి. మోడల్ దేనికి పనికొస్తుందో, దేనికి పనికిరాదో ఒకట్రెండు పేజీల్లో రాసిపెట్టే ‘మోడల్ కార్డు’ పద్ధతిని 2019లో ప్రతిపాదించిన వాళ్లలో మార్గరెట్ మిచెల్, టిమ్‌నిట్ గెబ్రూ ఉన్నారు. 2020 డిసెంబర్‌లో గెబ్రూ గూగుల్ నుంచి బయటికొచ్చారు. తీసేశారని ఆమె, రాజీనామా చేశారని కంపెనీ. కొద్దినెలల్లోనే మిచెల్‌నీ పంపేశారు. కార్డులు మాత్రం ఇవాళ చాలా కంపెనీలు రాస్తున్నాయి.

నన్నడిగితే ఈ వృత్తికి కావలసిన పాఠం విమానాల దగ్గర ఉంది. 1974 డిసెంబర్ 1న టీడబ్ల్యూఏ 514 విమానం వాషింగ్టన్ దగ్గరి డల్లెస్ విమానాశ్రయానికి దిగుతూ కొండను ఢీకొంది. 92 మంది పోయారు. ల్యాండింగుకి అనుమతి ఇచ్చినప్పుడు ఎంత ఎత్తు వరకు దిగవచ్చన్న దాంట్లో కంట్రోలర్ల ఉద్దేశం ఒకటి, పైలట్లు అర్థం చేసుకున్నది ఒకటి. గుండె కలుక్కుమనే విషయం దర్యాప్తులో బయటపడింది. సుమారు ఆరు వారాల ముందు యునైటెడ్ విమానం ఒకటి అదే చోట అదే పొరపాటులో పడి వెంట్రుకవాసిలో తప్పించుకుంది. ఆ పైలట్లు తమ కంపెనీకి చెప్పారు, కంపెనీ తన పైలట్లందరినీ హెచ్చరించింది. పక్క కంపెనీకి చెప్పే దారే లేదు.

ఆ దారి 1976లో పడింది. పైలట్లు, కంట్రోలర్లు జరగబోయి తప్పిన పొరపాట్లను రాసి పంపే ఏర్పాటు అది. కాగితం వెళ్లేది శిక్ష వేసే అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏకి కాదు, నాసాకి. నాసా పేర్లు తీసేసి పాఠాన్ని మాత్రం అందరికీ పంచుతుంది. కావాలని చేసినదీ నేరమూ కాకపోతే, గడువులో రాసిపంపిన వాళ్లకి చాలావరకు జరిమానా నుంచి మినహాయింపు ఉంటుంది. ఇప్పటిదాకా లక్షల కొద్దీ నివేదికలు వచ్చాయి. మంచితనం మీద ఆధారపడకుండా, చెప్పినవాడు నష్టపోకుండా చూడటమే ఇందులో అసలు తెలివి.

మన రంగంలోనూ 2020 నుంచి ఏఐ ఇన్సిడెంట్ డేటాబేస్ ఒకటి నడుస్తోంది. విలువైన పనే. కానీ అందులోకి ఎక్కువగా చేరేవి పత్రికల్లో వచ్చిన సంగతులు, అంటే కొండను ఢీకొన్నాక తెలిసినవి. 2025 నవంబర్‌లో మన కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన ఏఐ గవర్నెన్స్ మార్గదర్శకాలు కూడా ఇలాంటి జాతీయ డేటాబేస్ కావాలన్నాయి. వస్తే సంతోషం. వెంట్రుకవాసిలో తప్పినవి అందులోకి చేరాలంటే మాత్రం ముందు చెప్పుకునే అలవాటు ఉండాలి.

ఆ అలవాటు కోసమే కొందరం నెలకోసారి శనివారం మాదాపూర్‌లో ఒక మిత్రుడి ఆఫీసులో కలుస్తాం. కంపెనీ పేరు చెప్పకూడదు, విన్నది బయట ఫలానావాళ్లు అన్నారని చెప్పకూడదు, అంతే షరతు. మొదట్లో అందరూ స్లైడ్లు తెచ్చేవాళ్లు. పారదర్శకత, జవాబుదారీతనం, నిష్పాక్షికత... సమోసాలు వచ్చేదాకా ఓపిక పట్టడమే. ఒకసారి ఒకమ్మాయి స్లైడ్ లేకుండా, తను ఆడిట్ చేసిన స్క్రీన్ ఒకటి తెల్లకాగితం మీద గీసి చూపించింది. అప్పు దరఖాస్తులు చూసే స్క్రీన్. ‘తిరస్కరించండి’ అని మోడల్ చెబితే, ఒప్పుకోవడానికి పెద్ద పచ్చ బటన్, ఒక్క నొక్కు. కాదనాలంటే ఇంకో పెట్టె తెరుచుకుంటుంది, కారణం టైపు చేయాలి, కాపీ మేనేజరుకి పోతుంది. సాయంత్రానికి కోటా పూర్తిచేయాల్సిన కుర్రాడు ఏది నొక్కుతాడు? ఫైల్లో మాత్రం ‘మానవ పర్యవేక్షణ ఉంది’ అన్నచోట టిక్కు. “మాదీ ఇంతే” అన్నాడు ఆస్పత్రి సాఫ్ట్‌వేర్ చేసే అతను. బీమా కంపెనీలో చేసే ఆవిడ సోమవారం పోగానే తమ స్క్రీన్ చూస్తానంది. యంత్రం మాటకి తలూపే అలవాటు గురించి ఐరోపా ఏఐ చట్టం 14వ అధికరణం హెచ్చరించింది. కాదనడానికి ఎన్ని నొక్కులు పడతాయో చట్టం రాయదు. అది పక్క ఆఫీసువాళ్లే చెప్పాలి.

అయితే మా గదిలో ఉన్నవాళ్లంతా ఇంజనీర్లు, లాయర్లు, ఆడిటర్లే. ఇది నాకు నచ్చని సంగతి. ఎందుకో చెబుతాను. తెలంగాణలో సమగ్ర వేదిక అనే వ్యవస్థ ఉంది. వేర్వేరు శాఖల రికార్డుల్లో పేర్లు, చిరునామాలు కలిపి, ఇదీ అదీ ఒకే మనిషి అని తేలుస్తుంది. మన పేర్ల సంగతి తెలిసిందే. ఒకచోట ఇంటిపేరు ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట ఒట్టి ఇనీషియల్. ఇంగ్లీషులో లక్ష్మి అని ఎన్నిరకాలుగా రాస్తారో లెక్కలేదు. రిక్షా తొక్కి బతికిన మనిషిని, పేరు దగ్గరగా ఉందని కారున్న వేరొకరిగా లెక్కేసి ఆ ఇంటికి రేషన్ లేకుండా చేసిన సంగతి 2024లో అల్ జజీరా రాసింది. క్షేత్ర పరిశీలన లేకుండా కంప్యూటర్ లెక్కలతో కార్డులు తీసేశారన్న పిటిషన్ మీద, రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను మళ్లీ పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఏ వీధిలో లక్ష్ములు ఎందరో, ఎవరికి స్కూటరైనా లేదో రేషన్ డీలరుకి తెలుసు. ఆయన్ని ముందే పిలిచి అడిగే బల్ల ఎక్కడా లేదు.

ఇలా కలిసి చెప్పుకుందామంటే కొందరు, గోప్యత ఒప్పందం (ఎన్‌డీఏ) ఉంది, ఎలా చెబుతామండీ అంటారు. క్లయింటు పేరు, కోడు, అంకెలు చెప్పమని ఎవరూ అడగట్లేదు. పచ్చ బటన్ ఏ కంపెనీ వ్యాపార రహస్యమూ కాదు.

కాబట్టి ఆ ఫోన్లకి నా జవాబు ఇది. పరీక్ష రాయండి. దాంతోపాటు మీ ఊళ్లో, విజయవాడైనా విశాఖైనా వరంగలైనా, ఈ పనిచేసే నలుగుర్ని వెతికి పట్టుకోండి. స్లైడ్లు వద్దనండి. తప్పబోయి ఆగినదాన్ని అరపేజీలో రాసి తెమ్మనండి. మొదటి సమావేశానికి ఒక రేషన్ డీలరుని కూడా పిలవండి.