రచ్చబండా, తపాలా సంచీనా?

నలుగురితో మాట్లాడాలంటే ఎప్పుడూ రెండే దార్లు. మనమే వాళ్ళున్న చోటికి వెళ్ళాలి, లేదా వాళ్ళ మాట మనింటికి రావాలి. మొదటిది రచ్చబండ, రెండోది తపాలా. ఇంటర్నెట్టులోనూ ఈ రెండే. ఒకటి చర్చావేదిక, వెళ్ళి చదివి, మనమూ నాలుగు ముక్కలు రాసి రావాలి. రెండోది ఈమెయిలు గ్రూపు; ఒకరు రాసిన ఉత్తరం సభ్యులందరి పెట్టెల్లోనూ పడుతుంది.

వేదిక మేలనేవాళ్ళ మాటా నిజమే. అక్కడ ఏ విషయం దారి దానిదే. ఆలస్యంగా వచ్చిన మనిషి మొదటినుంచీ చదువుకుని, అప్పుడు నోరు విప్పవచ్చు. ఉత్తరాల గ్రూపులో కొత్తగా చేరినావిడ, భోజనాలయ్యాక పెళ్ళివారింట దిగిన చుట్టమే. అందరూ దేనికి నవ్వుతున్నారో ఆవిడకు తెలీదు!

అయినా నా ఓటు ఉత్తరానికే. వేదికకి గుర్తుపెట్టుకుని వెళ్ళాలి. ఇంటిపని తెమిలేసరికి అది గుర్తుంటుందా? ఉత్తరమైతే మన తీరిక కోసం గుమ్మంలోనే కూచుంటుంది.

ఇంతకన్నా పెద్ద కారణం మరొకటుంది. యాహూలో తెలుగు సాహిత్యం మాట్లాడుకునే 'రచ్చబండ' అనే గ్రూపు ఉండేది. పేరుకి రచ్చబండే గాని, మాట తపాలాలాగే ఇంటికొచ్చేది. 2019 డిసెంబరులో యాహూ అన్ని గ్రూపుల పాత ఉత్తరాలనూ తన దగ్గర్నుంచి తీసేసింది. 2020 డిసెంబరులో గ్రూపులే మూతపడ్డాయి. ఎవరి పెట్టెలో వాళ్ళు దాచుకున్న ఉత్తరాల జోలికి మాత్రం ఆ యజమాని రాలేడు కదా!

మా నిజామాబాద్, బోధన్ ఇళ్ళకి ఇది కొత్త విద్య కాదు. వారపత్రికల్లో సీరియల్ కాగితాలు చింపి, సూదీదారంతో కుట్టుకున్న ఇల్లాళ్ళు నాకెందరో తెలుసు. పుస్తకంగా రాని నవలలు కొన్నిటికి ఆ కుట్టే దిక్కు. నవలలు రాసేదాన్ని కనక ఆ రుణం నాకు తెలుసు.

బోధన్ నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. చెరకు బండ్ల బారులు, క్రషింగు రోజుల వాసన, శక్కర్‌నగర్ పేరంటాలు ఇప్పుడు ఫోను గ్రూపుల్లో కబుర్లు. అవీ ఇంటికొచ్చే మాటలే, కాని ఫోను మారిస్తే ఎన్ని మిగుల్తాయి? మీకు నచ్చినవి నాలుగు ఓ నోటుబుక్కులోకి ఎక్కించండి. వంటల పుస్తకం పక్కనే దానికీ చోటుంటుంది.