ధర మారితే కోడ్ ఎందుకు మారాలి?

2025–26 సీజన్‌కు కేంద్రం ప్రకటించిన చెరుకు ధర క్వింటాలుకు 355 రూపాయలు. వ్యవహారం అంతటితో తీరదు. ఆ ధర 10.25 శాతం రికవరీకి, అంటే వంద కిలోల చెరుకు నుంచి 10.25 కిలోల చక్కెర వచ్చినప్పుడు. దీన్ని ప్రాథమిక రికవరీ అంటారు. రికవరీ అంతకు మించితే ప్రతి 0.1 శాతానికి 3.46 రూపాయలు కలపాలి, తగ్గితే అంతే తీసేయాలి. 9.5 శాతం కంటే కిందికి పడిపోతే మాత్రం కోత అక్కడితో ఆగుతుంది, రైతుకు 329.05 ఖాయం. చెరుకు అందిన 14 రోజుల్లో డబ్బు చెల్లించాలి. లేదంటే ఏడాదికి 15 శాతం వడ్డీ అని 1966 నాటి చెరుకు నియంత్రణ ఉత్తర్వు చెబుతుంది. 1937లో నిజామాబాద్ జిల్లా శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చాక బోధన్ చుట్టుపక్కల పల్లెల్లో రికవరీ, కాటా, పర్మిట్ అనేవి ఇంటి మాటలైపోయాయి. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడ్డా ఆ మాటలు మూతపడలేదు.

ఇంత లెక్కను కంప్యూటర్‌కు అప్పగిస్తే అది ప్రోగ్రాములో ఎక్కడ ఉండాలి? మామూలు పద్ధతిలో అన్నిచోట్లా ఉంటుంది. బిల్లు వేసే చోట 10.25, రైతుకు మెసేజ్ పంపే చోట 10.25, బ్యాంకు అప్పు మినహాయించే చోట మరోసారి, నెలాఖరు నివేదికలో ఇంకోసారి. 2017–18 దాకా ప్రాథమిక రికవరీ 9.5. 2018–19లో అది 10 అయింది, 2022–23లో 10.25. మారిన ప్రతిసారీ ఒక ప్రోగ్రామర్ కోడ్ అంతా గాలించాలి. నాలుగు చోట్ల మార్చి అయిదోది వదిలేస్తే తెలిసేది బిల్లు తప్పిన రైతు ఆఫీసుకు వచ్చినప్పుడే.

మోడల్ ఆధారిత పద్ధతి ఇక్కడ తలకిందులుగా ఆలోచిస్తుంది. ముందు రాసేది కోడ్ కాదు, వ్యవహారం. రైతు, పొలం, తోట, కోత పర్మిట్, కాటా తూకం, సీజన్, ధర ఏవేవి, వాటి మధ్య సంబంధాలేమిటి, వేటిని ఎప్పుడూ మీరకూడదు అన్నది యంత్రం చదవగలిగేంత కచ్చితంగా రాసుకుంటారు. అదే మోడల్. ఆ మోడల్‌లో ఎలాంటి వస్తువులు ఉండవచ్చో, ఎలా కలవవచ్చో చెప్పే వ్యాకరణం మరొకటి పైన ఉంటుంది, దాన్ని మెటామోడల్ అంటారు. డేటాబేస్ పట్టికలు, జావా ప్రోగ్రాములు, తెరమీది ఫారాలు ఆ మోడల్ చదివి యంత్రమే పుట్టిస్తుంది.

మోడల్ రాయడానికి కూర్చుంటేనే అసలు ప్రశ్నలు లేస్తాయి. రికవరీ ఎవరిది? బండి వెంట వచ్చే చీటీ చూసి తూకం పక్కనే రికవరీ గడి పెట్టేయాలనిపిస్తుంది. తప్పు. చట్టం లెక్కలో రికవరీ ఏ ఒక్క రైతు చెరుకుదో కాదు, ఫ్యాక్టరీ మొత్తం సగటుది. కాబట్టి అది బండికి కాదు, ఫ్యాక్టరీ–సీజన్ జంటకు చెందిన గుణం. మంచి రకం వేసి, అదనులో నరికి తెచ్చిన రైతుకు ఇందులో అన్యాయం ఉందా అంటే ఉంది. కానీ ఆ తగువు విధానంతో, సాఫ్ట్‌వేర్‌తో కాదు.

రెండో ప్రశ్న ఇంకా ఆసక్తికరం. 0.1 శాతానికి ఇంత అన్నారు, రికవరీ 10.25 నుంచి 9.8కి పడితే నాలుగున్నర మెట్లు. సగం మెట్టును లెక్కపెట్టాలా, వదిలేయాలా? ప్రకటన మాటల్లో జవాబు దొరకదు, అంకెల్లో దొరుకుతుంది. 10.25 నుంచి 9.5కి ఏడున్నర మెట్లు, 7.5ను 3.46తో హెచ్చిస్తే 25.95, 355లోంచి తీసేస్తే సరిగ్గా 329.05. అంటే సగం మెట్టు కూడా లెక్కే. అలాగైతే 9.8 రికవరీకి ధర 339.43.

మూడోది తెలివైనవాళ్లు పడే గుంట. 355ను 102.5తో భాగిస్తే 3.46 వస్తుంది. 2024–25లో 340కి అదే భాగహారం 3.32 ఇస్తుంది, ప్రకటించిందీ అంతే. ఇంకేం, ఈ అంకెను విడిగా దాచడం దండగ, సూత్రం పెడితే చాలు అనిపిస్తుంది. 2022–23కి వెళ్లి చూడండి. ధర 305, సూత్రం ప్రకారం 2.98 రావాలి, ప్రభుత్వం ఇచ్చింది 3.05. సూత్రాన్ని నమ్ముకున్న ప్రోగ్రాము ఆ ఏడాది బిల్లులన్నీ తప్పు వేస్తుంది. కాబట్టి సీజన్ అనే వస్తువుకు నాలుగు గుణాలు విడివిడిగా ఉండాలి: ప్రాథమిక రికవరీ, ధర, మెట్టు విలువ, కోత ఆగే హద్దు. కొత్త సీజన్ వస్తే నాలుగు అంకెలు నింపుతారు, కోడ్ జోలికి ఎవరూ పోరు.

ఇక రూపాంతరం. మోడల్‌ను ఒక్క ఊపున కోడ్ చేయరు. మొదట వ్యవహారపు మోడల్‌ను సాంకేతిక మోడల్‌గా మారుస్తారు: 'తోట' ఒక పట్టిక అవుతుంది, 'ఒక రైతుకు అనేక తోటలు' అన్న సంబంధం ఆ పట్టికలో రైతు నంబరు గడి అవుతుంది, '14 రోజుల్లో చెల్లింపు' అన్న నిబంధన రోజూ రాత్రి నడిచే తనిఖీ అవుతుంది. తర్వాత ఆ సాంకేతిక మోడల్‌ను టెంప్లేట్లలో పోసి కోడ్ తీస్తారు. బెల్లం అచ్చు లాంటిదే టెంప్లేట్. పాకం ఏదైనా దిమ్మ ఆకారం మారదు. రేపు జావా పోయి మరొకటి వస్తే టెంప్లేట్లు మార్చుకుంటారు, చెరుకు లెక్క అలాగే ఉంటుంది. చేత్తో రాయక తప్పని ముక్కలు కొన్ని ఉంటాయి. వాటిని పుట్టించిన ఫైళ్లలో కలపకూడదు, విడి ఫైళ్లలో రాసి తగిలించాలి. లేకపోతే మళ్లీ కోడ్ పుట్టించినప్పుడు చేతి రాత తుడిచిపెట్టుకుపోతుంది. ఈ ఒక్క క్రమశిక్షణ తప్పితే ప్రాజెక్టు ఈ దారినే వదిలేయాల్సి రావచ్చు.

ఈ ఆలోచనకు వంశవృక్షం పాతదే. 1970ల తొలినాళ్లలో జ్యూరిచ్‌లో నిక్లాస్ విర్త్ బృందం పాస్కల్ భాషను ఏ కంప్యూటర్‌కైనా తీసుకెళ్లేందుకు ఒక ఉపాయం పన్నింది. ప్రోగ్రామును నేరుగా అసలు యంత్రం భాషలోకి కాక, ఎక్కడా లేని ఒక ఊహాయంత్రం భాషలోకి మార్చారు. కొత్త కంప్యూటర్ వస్తే ఆ చిన్న ఊహాయంత్రాన్ని దానిమీద నడిపిస్తే చాలు. ఇలా భాష మార్చే ప్రోగ్రాము, అంటే కంపైలర్, వివరాలు రాసిన వారిలో కేశవ్ నోరి ఒకరు. తర్వాత ఆయన పుణెలో టాటా పరిశోధన కేంద్రం టీఆర్‌డీడీసీలో పనిచేశారు, హైదరాబాద్ ఐఐఐటీలో పాఠాలు చెప్పారు. 1981లో ఏర్పడిన ఆ పుణె కేంద్రానికి తొలి దిశానిర్దేశం చేసినవారిలో పదార్థ శాస్త్రవేత్త ఇ.సి. సుబ్బారావు ఉన్నారు. అక్కడే వినయ్ కులకర్ణి, శ్రీధర్ రెడ్డి వంటి వారు బ్యాంకులు, బీమా సంస్థల తరహా పెద్ద వ్యవహారాలకు మోడళ్ల నుంచి కోడ్ పుట్టించే పనిముట్లు తయారుచేశారు. టీసీఎస్ వాటిని మాస్టర్‌క్రాఫ్ట్ పేరుతో వాడింది. తెర, వ్యాపార నియమాలు, డేటా నిల్వ దేనికది విడి మోడల్‌గా ఉంచి ఒకే మెటామోడల్ కింద కలపడం ఎలాగో 2003లో వారిద్దరూ ఐఈఈఈ సాఫ్ట్‌వేర్ పత్రికలో రాశారు. మెయిన్‌ఫ్రేమ్ నుంచి వెబ్ దాకా వేదికలు మారుతూనే ఉన్న రోజుల్లో, వ్యవహారం మారకుండా వేదిక మార్చడం మన కంపెనీలకు కూడూగుడ్డా పెట్టిన విద్య.

ప్రపంచం మాత్రం కాస్త అతి చేసింది. 1997లో మోడళ్లను బొమ్మలుగా గీసే భాష యూఎంఎల్ ప్రమాణమై వచ్చాక, బొమ్మలు గీస్తే చాలు ప్రోగ్రామర్లు అక్కర్లేదన్న ప్రచారం సాగింది. అంతకుముందు 1980లలో సాఫ్ట్‌వేర్ తయారీకి సాయపడే కేస్ పనిముట్లూ అదే ఆశ చూపాయి. జరిగింది వేరు: బొమ్మలు గోడమీద ఉండిపోయాయి, కోడ్ తన దారిన పోయింది, ఆర్నెల్లకు రెండూ ఒకదాన్నొకటి గుర్తుపట్టలేదు. నా లెక్కలో ఈ సంప్రదాయం ఓడింది అంతటినీ ఒకే భాషలో గీయాలనుకున్న చోట. గెలిచింది ఇరుకైన చోట. కార్ల, విమానాల నియంత్రణ వ్యవస్థల్లో ఇంజనీర్లు సిములింక్ అనే పనిముట్టులో గీసిన బ్లాకుల నుంచి సి భాష కోడ్ పుడుతోంది. కోడ్ పెద్దగా రాయక్కర్లేదంటూ లో-కోడ్ పేరుతో అమ్ముడవుతున్న సరుకులోనూ లోపల ఉన్నది ఇదే విద్య, పేరు మారింది.

ఇప్పుడు మాటల్లో అడిగితే కోడ్ రాసిచ్చే ఏఐ వచ్చింది కదా, ఇంకా ఇదెందుకు అనవచ్చు. రూపాంతర నియమానికి ఒకే మోడల్ ఎన్నిసార్లు ఇచ్చినా ఒకే కోడ్ వస్తుంది, ఏ లైను ఏ నిబంధన నుంచి పుట్టిందో వేలు పెట్టి చూపవచ్చు. ఏఐకి ఆ పూచీ లేదు. సగం మెట్టు ప్రశ్న దానికి తట్టవచ్చు, తట్టకపోవచ్చు. అడగకుండానే ఒక జవాబు తీసుకుని ముందుకు పోగలదు. మోడల్‌ను తయారుచేయడానికి దాని సాయం తీసుకోవడం వేరు, మోడల్ లేకుండా బిల్లులు దానికి వదిలేయడం వేరు.

మళ్లీ బోధన్ వైపు వస్తే, నిజామాబాద్‌లో 2023 ఆగస్టులో ఐటీ టవర్ తెరిచారు. 2024 జనవరిలో నిజాం షుగర్స్ పునరుద్ధరణపై తెలంగాణ ప్రభుత్వం కమిటీ వేసింది. శక్కర్‌నగర్ పొగగొట్టం మళ్లీ రాజుకుంటే కాటా నుంచి రైతు ఖాతా దాకా కొత్త సాఫ్ట్‌వేర్ కావాల్సిందే, అది ఈ జిల్లా పిల్లలే రాయగల పని. టెండరులో ఒక్క షరతు మరువకూడదు: కోడ్‌తో పాటు మోడల్, మెటామోడల్, టెంప్లేట్లు కూడా ఫ్యాక్టరీకే అప్పగించాలి. లేకపోతే చేతికొచ్చేది యంత్రం పుట్టించిన వేల లైన్ల జావా ఒక్కటే. దాన్ని చేత్తో దిద్దడం, మనిషి రాసిన కోడ్‌ను దిద్దడం కన్నా కష్టం.