ఆ గంతు ఎవరు చూశారు?

ఆడపిల్ల పతకం తెచ్చిందంటే చాలు, మన పత్రికలవాళ్లకి నవలారచన పూనుతుంది. నవలలు రాసుకు బతికేదాన్ని, నా పని వాళ్లు చేస్తుంటే చూస్తూ ఊరుకోవడం ఎలాగండీ?

2018 ఫిబ్రవరిలో హైదరాబాదు అమ్మాయి బుద్దా అరుణారెడ్డి మెల్‌బోర్న్‌లో జరిగిన జిమ్నాస్టిక్స్ ప్రపంచ కప్పు పోటీలో, వాల్ట్ అనే అంశంలో కాంస్య పతకం గెలిచింది. ఆ పోటీల్లో సొంతంగా పతకం తెచ్చినవాళ్లు అంతకుముందు మన దేశంలో లేరు, ఆడా మగా ఎవరూ. అప్పుడు పత్రికలు ఏం రాశాయి? కరాటే నేర్చుకుంటున్న కూతుర్ని తండ్రి జిమ్నాస్టిక్స్ వైపు మళ్లించడం, 2010లో ఆయన పోవడం, పతకాన్ని ఆ అమ్మాయి నాన్నకి అంకితమివ్వడం. చదివి నేనూ కొంగుతో కళ్లొత్తుకున్నాను. తీరా కళ్లు తుడుచుకుని చూస్తే, ఆ అమ్మాయి గంతు ఎలా ఉందో నేను చదివినవాటిలో ఒక్క వాక్యం లేదు! పాటకి బహుమతి వస్తే పాట గురించి మాట్లాడతాం. గంతుకి వస్తే నాన్నగారి గురించేనా?

వాల్ట్ అంటే ఇదీ. పాతిక మీటర్ల లోపు దారిలో పరుగెత్తుకొచ్చి, స్ప్రింగు పలక మీద కాలు తాటించి, 125 సెంటీమీటర్ల ఎత్తు బల్ల మీద చేతులు ఆనించి గాల్లోకి లేవాలి. ఆ ఎత్తు మన వంటింటి గట్టు కన్నా ఒక మూరెడు ఎక్కువ. గాల్లోనే తిరగవలసినన్ని తిరుగుళ్లు తిరిగి, అవతల రెండు కాళ్ల మీద కదలకుండా నిలబడాలి. పొయ్యి మీది పాలు పొంగేలోపల అంతా అయిపోతుంది. ఎంత కష్టమైన గంతు ఎంచుకున్నావన్నదానికి ఒక లెక్క, దాన్ని ఎంత చక్కగా చేశావన్నదానికి ఇంకో లెక్క. ఈ రెండో లెక్క పది నుంచి మొదలై తరుగుతూ వస్తుంది. దిగేటప్పుడు చిన్న అడుగు పడితే 0.1, పెద్ద అడుగైతే 0.3, పడిపోతే ఏకంగా 1.

"అందానికి మార్కులేమిటి, మరీ విడ్డూరం" అంటారేమో. మా నంద్యాల నుంచి ఆళ్లగడ్డ వెళ్లి అక్కడి శిల్పుల్ని అడగండి. ముఖం పొడవుని కొలతగా పెట్టుకుని తక్కిన ఒళ్లంతా లెక్కగడతారు. చూడ్డానికి ఎంత ముద్దొచ్చినా, కొలత తప్పిన విగ్రహం పూజకి పనికి రాదంటారు. రాయి కదలకుండా కూర్చుంటుంది కనక శిల్పి మళ్లీ మళ్లీ కొలుచుకోవచ్చు. గాల్లో తిరిగే పిల్లకి ఆ సౌకర్యం ఏదీ?

ఇప్పుడు అరుణ మార్కులు చూడండి: 13.649. వెండి పతకం తీసుకున్న ఆస్ట్రేలియా అమ్మాయి ఎమిలీ వైట్‌హెడ్‌కి 13.699. స్లోవేనియా అమ్మాయి త్యాషా కిస్సెలెఫ్‌కి 13.800, బంగారం. ఫైనల్లో రెండు గంతులు వేయించి సగటు తీస్తారు. అంటే ఒక్క గంతులో ఒక్క చిన్న అడుగు పడితే సగటులో పోయేది 0.05. వెండికీ అరుణకీ మధ్య ఉన్న తేడా సరిగ్గా అదే! అరుణ అడుగు తడబడిందని కాదు నేననేది, తేడా అంత సన్ననిదని. 2016 రియో ఒలింపిక్స్‌లో మన త్రిపుర అమ్మాయి దీపా కర్మాకర్‌కి 15.066 వచ్చినా నాలుగో స్థానమే దక్కింది. కాంస్యానికి 0.150 దూరం. కళ్లనీళ్లు తెప్పించే కథ ఇక్కడ లేదా? ఇన్ని అంకెల మధ్య ఉంది, కాస్త ఓపిగ్గా చదివితే.

పత్రికలు గట్టిగా చెప్పని సంగతి ఇంకోటుంది. ఈ ప్రపంచ కప్పు క్రికెట్‌లోలాగా నాలుగేళ్లకోసారి వచ్చేది కాదు. ఏడాదిలో పలు ఊళ్లలో వరసగా జరిగే పోటీల్లో ఒకటి. మేటి క్రీడాకారిణులందరూ ప్రతిదానికీ రారు. ఆ మాట చెప్తే పతకం విలువ తగ్గిపోతుందని భయం కాబోలు. మన పిల్ల బలహీనురాలా, నిజం చెప్తే తట్టుకోలేకపోవడానికి?

నన్నడిగితే అరుణ గొప్పదనం మెల్‌బోర్న్ కన్నా ఆ తరవాతే ఎక్కువ కనబడింది. 2019లో మోకాలు దెబ్బతింది, ఆపరేషన్ అయింది. ఈ ఆటలో దిగే బరువంతా పడేది మోకాళ్ల మీదే. మా పక్కింటావిడ ఆ వార్త విని, "ఆ గంతులేందమ్మా ఆడపిల్లకి, కాలు విరిగితే రేపు పెండ్లెట్లయితాది?" అంది. ఆవిణ్ణి ఏమనగలం, వీధి వీధంతా అదే మాట. ఆ అమ్మాయి మాత్రం 2021 డిసెంబరులో కైరోలో మళ్లీ పాతిక మీటర్ల దారి చివర నిలబడింది. పరుగెత్తుకొచ్చి, అదే మోకాలి మీద దిగి, వాల్ట్‌లో ఒక బంగారం, నేల మీద చేసే విన్యాసాల్లో ఇంకో బంగారం పట్టుకొచ్చింది.