నికాహ్ మాది, కాగితం ఎవరిది?

మా బస్తీలో ఉర్దూ చదివి తెలుగులో రాయగలిగినవాళ్లు తక్కువ. నేను పత్రికలో పనిచేస్తానని తెలుసు కాబట్టి ఆడవాళ్లు కాగితాలు పట్టుకుని మా ఇంటికొస్తుంటారు. ఎక్కువగా తెచ్చేది నికాహ్‌నామా. మా వైపు దాన్ని సియాహా అంటాం.

ఒకరోజు పొరుగు వీధి ఆపా ఒకామె వచ్చింది. భర్త గల్ఫ్ వెళ్లి మూడేళ్లు. ఫోన్ లేదు, పైసా లేదు. ఆమె ఒక ఆఫీసుకు వెళ్తే అక్కడి గుమాస్తా సియాహా అటూ ఇటూ తిప్పి, 'ఇదేం భాషమ్మా, తెలుగులో రాయించుకురా' అన్నాడట. నా చేతికిచ్చి, 'భాయ్, తర్జుమా తర్వాత చేద్దువుగానీ, ముందు నా మెహర్ ఎంత రాశారో చదివి చెప్పు' అంది. పెళ్లయి పన్నెండేళ్లు. ఆ కాగితం మీద ఆమె సంతకముంది. అందులో ఏముందో మాత్రం ఆమెకు తెలీదు.

మెహర్ గడి దగ్గర నా కలం ఆగిపోయింది. వెంటనే చెల్లించాల్సిన మెహర్‌ని ముఅజ్జల్ అంటారు. తర్వాత చెల్లించాల్సినదాన్నీ ముఅజ్జల్ అనే అంటారు. ఉర్దూలో ఒకటి ఐన్‌తో రాస్తారు, రెండోది హంజాతో. పలకడంలో తేడా లేదు. తెలుగు లిపిలోకొచ్చేసరికి రెండూ ఒకటే అయిపోతాయి. ఒక్క అక్షరం మీద ఒక ఆడదాని హక్కు ఇవాళ్టిదా, ఎప్పటికో ఒకప్పటిదా అన్నది తేలుతుంది. ఆ అక్షరం రాసిన ఖాజీ సాబ్‌కు తెలుసు. చేసుకున్న ఆమెకు తెలీదు. అడిగిన ప్రభుత్వానికి చదవడం రాదు.

మా పెళ్లి గురించి మాట్లాడాలంటే నేను ఇక్కణ్ణుంచే మొదలుపెడతాను. మా పెళ్లిని సినిమాలు మరోచోట మొదలుపెట్టాయి.

1982లో రెండు హిందీ సినిమాలొచ్చాయి. సాగర్ సర్హదీ తీసిన 'బాజార్', బి.ఆర్.చోప్రా తీసిన 'నికాహ్'. మా తరం ముస్లిం పెళ్లిని ఈ రెండింటి కళ్లతో చూడటం నేర్చుకుంది. ముస్లిమేతర మిత్రులైతే చెప్పనక్కర్లేదు. 'బాజార్' మా హైదరాబాద్ కథే. గల్ఫ్‌లో డబ్బు సంపాదించినవాడొచ్చి పేదింటి పిల్లను నికాహ్ పేరుతో కొనుక్కుంటాడు. సుప్రియా పాఠక్ వేసిన షబ్నమ్ ఆ పెళ్లిని బతికి భరించలేక ప్రాణం తీసుకుంటుంది. నిజాయితీ గల సినిమా. అందులోని ఆకలి అబద్ధం కాదు. 1991లో హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లే విమానంలో ఏడుస్తూ కూర్చున్న చిన్నపిల్లను ఒక ఎయిర్‌హోస్టెస్ గమనించడం, పక్కనున్న అరవయ్యేళ్ల సౌదీ మనిషి ఆమె భర్తనని చెప్పడం దేశమంతా చదివింది. 2017లో హైదరాబాద్ పోలీసులు ఇలాంటి పెళ్లిళ్ల కేసులో పట్టుకున్నవాళ్లలో ఖాజీలు కూడా ఉన్నారు.

అయినా 'బాజార్' మీద నాకో ఫిర్యాదుంది. అది అమ్మకాన్ని చూసింది, కన్నీళ్లను చూసింది, అమ్మకానికి ముసుగేసిన దస్తావేజును చూడలేదు. వయసెంతని ఎవరు రాశారు, వలీ ఎవరు, గవాహ్‌లెవరు, పిల్ల ఖుబూల్ అన్నదా లేక ఆమె మౌనాన్ని ఇంకెవరో ఖుబూల్ చేశారా? నేరం జరిగేది ఆ గడుల్లో. సినిమా దాన్ని నసీబుకు వదిలేసింది. ఇక 'నికాహ్'. పేరు నికాహ్, కథంతా తలాక్. చివర నీలోఫర్ ఇద్దరు మగవాళ్లనూ నిలదీస్తుంది, నన్ను వస్తువులా చేతులు మారుస్తారా అని. హాల్లో చప్పట్లు పడ్డాయి. కానీ నికాహ్ అనేది మొదటినుంచీ ఒక ఒప్పందమనీ, ఆ ఒప్పందంలో తన షరతు రాయించుకునే వీలు పెళ్లికూతురికుందనీ చూసినవాళ్లలో ఎంతమందికి తట్టింది? ముస్లిం స్త్రీ అంటే మూడు మాటలతో రోడ్డున పడేది అన్నంతవరకే మిగిలింది.

మన రచయితల సంగతీ చెప్పుకోవాలి. 1998లో 'జల్‌జలా' వచ్చింది, 2004లో 'వతన్' వచ్చింది. మా ఇళ్ల వాసన, మా పేదరికం, మా తెలుగు కాని తెలుగు సాహిత్యంలోకొచ్చాయి. జోడేకి రఖం కోసం అమ్ముడుపోయిన ఆటోలు, కుదువపెట్టిన ఇళ్లు వచ్చాయి. నేను చదివినంతలో సియాహా మాత్రం పాత్రగా రాలేదు. మనమూ పెళ్లిని దస్తర్‌ఖానా దగ్గరే చూశాం.

ఇప్పుడు ప్రభుత్వం సంగతి. జనం మూడు కాగితాలను కలిపేసుకుంటున్నారు. మొదటిది సియాహా. ఖాజీ రాసేది. 1880 నాటి ఖాజీల చట్టమే చెబుతోంది, నికాహ్‌కు ఖాజీ ఉండితీరాలనేం లేదని. రెండోది నమోదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో వివాహాల నిర్బంధ నమోదు చట్టం వచ్చింది. అన్ని మతాలకూ అది వర్తిస్తుంది. 2006 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు సీమా కేసులో దేశమంతటా అలాగే చేయమంది. ఈ నమోదు మీ నికాహ్‌ను మార్చదు. జరిగిందని సాక్ష్యం చెబుతుంది, అంతే. మూడోది 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద వచ్చే కాగితం. నికాహ్ ఎప్పుడో అయిపోయిన జంట కూడా 15వ సెక్షన్ కింద దీన్ని తీసుకోవచ్చు. ముప్పై రోజుల నోటీసు పెడతారు. ఇది సాక్ష్యంతో ఆగదు, వారసత్వాన్నే మారుస్తుంది. అప్పట్నుంచి ఆస్తి షరియత్ ప్రకారం కాక 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం పంచబడుతుంది.

ఈ మూడో కాగితం 2023 మార్చి 8న వార్తయింది. కేరళలో వకీలూ నటుడూ అయిన సి.షుక్కూర్, ఆయన భార్య షీనా కాసరగోడ్ జిల్లా హోస్‌దుర్గ్‌లో మళ్లీ పెళ్లి చేసుకున్నారు. వాళ్ల నికాహ్ 1994లోనే అయింది. ముగ్గురూ కూతుళ్లే. మన ఫిఖా ప్రకారం కొడుకు లేకపోతే కూతుళ్లందరికీ కలిపి మూడింట రెండు వంతులు. మిగిలినదాంట్లో తండ్రి సోదరులకూ వాటా పోతుంది. తమ తర్వాత అంతా పిల్లలకే దక్కాలని ఆ దంపతులు రిజిస్ట్రార్ ముందు నిలబడ్డారు.

మతపెద్దల నుంచి విమర్శ వచ్చింది, ఇది షరియత్‌ను తప్పించుకోవడమని. సెక్యులర్ మిత్రులు చప్పట్లు కొట్టారు, ఒక ముస్లిం షరియత్ నుంచి బయటికొచ్చాడని. ఇద్దరూ ఆయన్ని ఒక గీతకు అటో ఇటో నిలబెట్టారు. నాకు మాత్రం కూతుళ్ల కోసం కాగితం వెతుక్కుంటున్న ఒక అబ్బాజాన్ కనబడ్డాడు. ఎందుకంటే నాకూ ఇద్దరూ ఆడపిల్లలే.

నా తమ్ముళ్లు మంచివాళ్లు. రేపు నా ఇంట్లో వాటా అడుగుతారని నేననుకోను. కానీ తమ్ముళ్ల మంచితనం మీద ఆడపిల్లల ఇల్లు నిలబెట్టడం నాకిష్టం లేదు. నా భార్యతో అన్నాను, మనమూ వెళ్దామా అని. 'ఇరవయ్యేళ్లకు మళ్లీ దుల్హన్‌ని చేస్తారా జీ' అని నవ్వింది. వెళ్లాం. గుమాస్తా మర్యాదస్తుడే. వివరాలడిగాడు. 'మీరిద్దరూ ముందే బంధువులా?' అన్నాడు. మా మామూ కూతురు అన్నాను. కలం పక్కన పెట్టేశాడు. 'మేనరికం ఈ చట్టం కింద కుదరదు సార్' అన్నాడు.

ఇంటికొచ్చి చట్టం తీసి చదివాను. అతను చెప్పింది నిజం. నిషిద్ధ బంధుత్వాల జాబితాలో మామూ కూతురు, ఖాలా కూతురు, ఫుప్పో కూతురు, చాచా కూతురు అందరూ ఉన్నారు. కొత్తగా పెళ్లి చేసుకునేవాళ్లకు ప్రభుత్వం గెజెట్‌లో ప్రకటించిన ఆచారముంటే మినహాయింపుంది. నికాహ్ అయిపోయి 15వ సెక్షన్ కింద వచ్చేవాళ్లకు, 1954 చట్టం రాకముందు జరిగిన పెళ్లి అయితే తప్ప ఆ దారి కూడా లేదు. మా పక్కింటి రెడ్డిగారూ మేనమామ కూతుర్నే చేసుకున్నారు. హిందూ వివాహ చట్టం ఆచారాన్ని గౌరవించి ఆయన పెళ్లిని ఒప్పుకుంది. ఆయన ఇద్దరు కూతుళ్లూ, భార్యా ఉండగా తమ్ముళ్లకు వాటా పోదు. ఒకే వీధి, ఒకే మేనరికం. నాకు మాత్రం మతం తలుపు తీస్తే తమ్ముళ్లున్నారు, లౌకిక చట్టం తలుపు తడితే మామూ కూతురు అడ్డు.

ముస్లింలు ఉమ్మడి చట్టంలోకి రారేమని అడిగే మిత్రులకు ఇది నా జవాబు. నేను వెళ్లాను. చోటు లేదన్నారు.

మా వాళ్ల భయాన్నీ నేను తోసిపుచ్చను. 2019 డిసెంబరు తర్వాత మా ఇళ్లల్లో కాగితమంటేనే గుండె దడ. 2024లో అస్సాం 1935 నాటి ముస్లిం వివాహాల నమోదు చట్టాన్ని రద్దుచేసి కొత్తది తెచ్చింది. 2025 జనవరి నుంచి ఉత్తరాఖండ్‌లో ఉమ్మడి పౌరస్మృతి అమలులోకొచ్చింది. మా ఆడవాళ్ల మీద జాలి చూపించే చేతిలో కర్ర ఉందని మాకు తెలుసు. కానీ ఆ కర్ర చూసి కాగితమే వద్దనుకుంటే నష్టపోయేది ఎవరు? ఖాజీ సాబ్ కాదు, నేనూ కాదు. సియాహా పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డ ఆ ఆపా.

నికాహ్ మనకు సంస్కారం మాత్రమే కాదు, ఒప్పందం. ఈజాబ్, ఖుబూల్, మెహర్, ఇద్దరు సాక్షులు. ఒప్పందాన్ని రాసుకోవడం పరాయివాళ్లు నేర్పింది కాదు. కాబట్టి సియాహా తెలుగులోనూ ఉండాలి. ఖుత్బాకు ముందే పెళ్లికూతురికి చదివి వినిపించాలి. ఒక ప్రతి ఆమె చేతికివ్వాలి, అత్తగారి బీరువాకు కాదు. ఆ వారంలోనే నమోదు కావాలి. ప్రభుత్వం 15వ సెక్షన్‌లో ఆచారానికి చోటివ్వాలి. అంతవరకూ నాలాంటివాళ్లకు మిగిలింది హిబా ఒక్కటే. వసియత్ రాద్దామంటే మూడో వంతు దాటకూడదు, అదీ వారసులకు రాస్తే మిగతా వారసులు ఒప్పుకోవాలి. హిబా అయితే బతికుండగానే ఇచ్చేయాలి, స్వాధీనం కూడా చేయాలి. ఆ కాగితాలు ఇప్పుడు రాయిస్తున్నాను. తమ్ముళ్లకు నేనే చెప్పాను. చిన్నవాడు రెండు రోజులు మాట్లాడలేదు.

రిజిస్ట్రార్ ఆఫీసుకోసం అబ్బా ట్రంకు పెట్టె లోంచి మా సియాహా తీసినప్పుడు ఒక సంగతి బయటపడింది. మా మెహర్ పదకొండు వేల రూపాయలు, రెండు దీనారె సుర్ఖ్. ఊళ్లోవాళ్లందరి సియాహాలు చదివి పెట్టేవాణ్ణి, నాది ఇరవయ్యేళ్లలో ఒక్కసారీ చదవలేదు. నా భార్యకు చదివి వినిపించాను. అది ఏ ముఅజ్జల్ అని అడిగింది. ఐన్‌తో ఉందని చెప్పాను.

'అయితే ముందు అది ఇవ్వండి. చట్టం సంగతి తర్వాత రాద్దురుగానీ' అంది.