భయానికి భాష: బాలల నేరవార్తలు – తెలుగు పత్రికల పదజాలం

నేరవార్త జరిగిన సంఘటనను తెలియజేయడంతో ఆగదు; ఎవరిని చూసి భయపడాలో కూడా సూచిస్తుంది. బాలలు నిందితులైన వార్తల్లో ఈ రెండవ పని చాలావరకు శీర్షికలోనే పూర్తవుతుంది. తెలుగు పత్రికల్లో తరచుగా కనిపించే రెండు మాటల ఆధారంగా ఆ ప్రక్రియను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1964 ఈస్టర్ సెలవుల్లో ఇంగ్లండులోని క్లాక్టన్ తీరపట్టణంలో యువకుల ఘర్షణలు జరిగాయి. పత్రికలు వాటిని చిత్రించిన తీరును స్టాన్లీ కోహెన్ 1972లో వెలువడిన తన గ్రంథంలో విశ్లేషించాడు. అతిశయోక్తితో పాటు ఆయన గుర్తించిన మరొక అంశం ప్రతీకీకరణ. మొదట ఒక పేరు నేరానికి గుర్తవుతుంది. తరువాత తలకట్టు, దుస్తులు ఆ పేరుకు గుర్తులవుతాయి. చివరికి ఆ వేషంలో ఉన్న ప్రతి యువకుడూ అనుమానితుడే అవుతాడు.

ఈ పరిశీలన మనకెంత వర్తిస్తుందో 2012 డిసెంబరు 16 నాటి ఢిల్లీ ఘటన చూపింది. ఆరుగురు నిందితుల్లో ఒకరికి 18 ఏళ్లు నిండడానికి కొన్ని నెలలు తక్కువ. బాలల న్యాయమండలి విచారణ బహిరంగంగా జరగలేదు. అయినా తీర్పు రాకముందే 'అందరిలోకీ క్రూరుడు' అన్న ముద్ర ఆ బాలునిపై స్థిరపడింది. ఆ ఏడాది దేశంలో నమోదైన ఐపీసీ నేరాల్లో బాలలపై నమోదైనవి సుమారు 1.2 శాతమే. వయోపరిమితి తగ్గించనక్కరలేదని 2013 జనవరిలో జస్టిస్ వర్మ కమిటీ అభిప్రాయపడింది. 2015 డిసెంబరు 20న ఆ యువకుడు విడుదలయ్యాడు. రెండు రోజులకే కొత్త బాలల న్యాయ బిల్లును రాజ్యసభ ఆమోదించింది.

ఇక మన పదాల సంగతి. 'మైనర్ బాలిక' అన్నప్పుడు ఆ మాట రక్షణ కోరుతుంది. నిందితుని విషయంలో అదే మాట శిక్ష తప్పించుకునే మార్గంలా ధ్వనిస్తుంది. ఆస్తిపరుడైన విలాసపురుషుణ్ణి 'మైనరు' అనే వాడుక తెలుగులో ముందే ఉంది కనుక ఈ ధ్వనికి బలం చేకూరింది.

రెండవది 'కీచకుడు'. భారతంలో కీచకుడు బాలుడు కాడు. రాణి సోదరుడు, విరాటుని సేనాని. సభలో ద్రౌపదిని తన్నినా రాజు అతణ్ణి దండించలేకపోయాడు. అధికారాన్ని, దాని ముందు సభ మౌనాన్ని ప్రశ్నించే కథ అది. పదహారేళ్ల నిందితునికి ఈ పేరు పెట్టిన శీర్షికలో ఆ ప్రశ్న మాయమై, పుట్టుకతో దుష్టుడైన వ్యక్తి మాత్రమే మిగులుతాడు.

బాధితుల పక్షాన ఆగ్రహం న్యాయమైనదే. దానికి తీవ్రమైన భాష అవసరమన్న వాదననూ తోసిపుచ్చలేం. అయితే ఆ తీవ్రత చేసిన పనిని వర్ణించాలి, వయసును కాదు. ఘోర నేరాల్లో పదహారేళ్లు నిండిన బాలుని మానసిక స్థితిని, నేర పరిస్థితులను విడిగా అంచనా వేయాలని 2015 చట్టంలోని 15వ సెక్షన్ చెబుతోంది. చట్టం ఒక్క బాలుని గురించి అడిగే ప్రశ్నకు శీర్షిక ఒక తరమంతటి పేరిట ముందే జవాబిస్తోంది. ఆ జవాబును నమ్మిన సమాజం వీధి మలుపులో నిలబడిన పిల్లలందరినీ అదే కంటితో చూస్తుంది. నేరవార్తా భాషను సాహిత్య విమర్శ తన పరిధిలోకి తీసుకోవలసిన అవసరం ఇక్కడే ఉంది.